ప్రొడక్షన్ సీటు వచ్చింది, చేరాలా వద్దా? (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ సీజన్ కదా, ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే గొడవ మీద వచ్చాయి. ప్రొడక్షన్, మాన్యుఫాక్చరింగ్, ఇండస్ట్రియల్ అని పేర్లు మారుతున్నాయి గానీ భయం ఒక్కటే. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: మేడమ్, మాది కరీంనగర్. మా బాబుకు తిరుచ్చి ఎన్ఐటీల ప్రొడక్షన్ ఇంజినీరింగ్ వచ్చేటట్టు ఉంది. హైదరాబాద్ల ఒక ప్రైవేట్ కాలేజీల అయితే మెకానికల్ వస్తది, ఇంకో చిన్న కాలేజీల సీఎస్ఈ గూడ వస్తది. మా తమ్ముడేమో ప్రొడక్షన్ అంటే ఫ్యాక్టరీల సూపర్‌వైజర్ పని, దానికి అంత దూరం పంపుడు ఎందుకు అంటున్నడు. మెకానికల్ కంటే ఇది తక్కువ బ్రాంచా?

జవాబు: అన్నగారూ, తక్కువా కాదు ఎక్కువా కాదు, వేరే. మెకానికల్ పిల్లాడు ఒక పంప్ ఎలా ఉండాలి, ఎంత ప్రెషర్ తట్టుకోవాలి అని లెక్క వేస్తాడు, ప్రొడక్షన్ పిల్లాడు అదే పంప్ రోజుకి 400 బయటికి రావాలంటే ఏ మిషన్ మీద ఏ వరసలో చెయ్యాలి, ఒక్కోదానికి ఎంత ఖర్చవుతుంది, అందులో ఎన్ని స్క్రాప్‌కి పోతాయి అని లెక్క వేస్తాడు. ఇంట్లో నలుగురికి పులిహోర కలపడం వచ్చినవాళ్ళందరికీ పెళ్ళిలో వెయ్యి మందికి టైముకి వడ్డించడం రాదు కదా, ఆ రెండోది ఒక చదువు అనుకోండి.

ఫస్టియర్ అందరికీ ఒకటే, లెక్కలు, ఫిజిక్స్, డ్రాయింగ్, వర్క్‌షాప్‌లో ఫిట్టింగూ కార్పెంటరీ. తర్వాత దారి మారుతుంది. థర్మోడైనమిక్స్ కొంచెం ఉంటుంది గానీ ఇంజన్లు, టర్బైన్లు, హీట్ ట్రాన్స్‌ఫర్ బాగా తగ్గిపోతాయి, ఆ జాగాలో కాస్టింగ్, వెల్డింగ్, ఫోర్జింగ్, మెటల్ కటింగ్, మెట్రాలజీ (కొలతల శాస్త్రం), క్వాలిటీ కంట్రోల్, ఆపరేషన్స్ రీసెర్చ్, వర్క్ స్టడీ, ప్లాంట్ లేఅవుట్ వస్తాయి. ఒక ఉదాహరణ చెప్తా. 25 మిల్లీమీటర్ల షాఫ్ట్ ఒక రంధ్రంలో ఫ్రీగా తిరగాలి అనుకోండి, డ్రాయింగ్ మీద రంధ్రానికి హెచ్7, షాఫ్ట్‌కి జీ6 అని రాస్తారు. అంటే రంధ్రం 25 కంటే 21 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) వరకు పెద్దగా ఉండొచ్చు, చిన్నగా మాత్రం ఉండకూడదు, షాఫ్ట్ 25 కంటే 7 నుంచి 20 మైక్రాన్లు చిన్నగా ఉండాలి, మధ్యలో ఖాళీ 7కి తగ్గకూడదు 41 దాటకూడదు. తల వెంట్రుక మందమే 70 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. ఈ ఖాళీని రోజుకి వందల ముక్కల మీద, మూడు షిఫ్టుల్లో, వేరువేరు మనుషుల చేతుల్లో తప్పకుండా పట్టుకోవడం ఎలా అనేదే అసలు సబ్జెక్ట్. సూపర్‌వైజర్ పని అన్నారే మీ తమ్ముడు, ఆ సూపర్‌వైజర్ రాత్రి రెండింటికి ముక్కలు సైజు తప్పుతున్నాయని ఫోన్ చేస్తే ఎందుకు తప్పుతున్నాయో చెప్పాల్సినవాడు ఈ బ్రాంచ్ వాడు.

మన రెండు రాష్ట్రాల్లో దీన్ని విడిగా బీటెక్‌గా ఇచ్చే చోట్లు తక్కువ, ఎక్కువగా మెకానికల్‌లోనే కలిపి చెప్తారు, వరంగల్ ఎన్ఐటీలో కూడా మాన్యుఫాక్చరింగ్ అనేది ఎంటెక్‌లో దొరుకుతుంది. అందుకే మనవాళ్ళకి పేరు కొత్తగా అనిపిస్తుంది. బయట అలా కాదు, తిరుచ్చి, కాలికట్ ఎన్ఐటీల్లో ప్రొడక్షన్ ఇంజినీరింగ్, ఢిల్లీ, రూర్కీ ఐఐటీల్లో, కురుక్షేత్ర ఎన్ఐటీలో ప్రొడక్షన్ అండ్ ఇండస్ట్రియల్, కలకత్తా జాదవ్‌పూర్‌లో ప్రొడక్షన్, అన్నీ పాత బ్రాంచ్‌లే.

మరి ఏం చెయ్యాలంటే, ప్రైవేట్ మెకానికల్‌కీ తిరుచ్చి ప్రొడక్షన్‌కీ మధ్య అయితే నేను రెండో ఆలోచన లేకుండా తిరుచ్చి అంటాను. కాలేజీ ల్యాబ్‌లు సరే, ఊళ్ళోనే బీహెచ్ఈఎల్ బాయిలర్ ప్లాంట్ ఉంది, దాని చుట్టూ బోలెడు ఫ్యాబ్రికేషన్ షాపులున్నాయి, చూసి నేర్చుకునే పిల్లాడికి అది చాలా పెద్ద లాభం. సీఎస్ఈ సంగతి మాత్రం నన్ను కాదు మీ బాబుని అడగండి. వాడికీ తెలీదంటే బాలానగర్‌లోనో చర్లపల్లిలోనో తెలిసినవాళ్ళ మిషన్ షాపులో ఒక పూట నిలబెట్టండి. బోర్ కొట్టి ఫోన్ తీశాడా లేక ఆపరేటర్ని ప్రశ్నలు అడిగాడా అనేది చూస్తే మీకే తెలిసిపోతుంది.

ఒక్క జాగ్రత్త. పబ్లిక్ సెక్టార్ నోటిఫికేషన్లలో మెకానికల్ పక్కనే ప్రొడక్షన్, ఇండస్ట్రియల్ అని చాలా చోట్ల రాస్తారు, కొన్నిట్లో రాయరు. రాయని చోట అప్లికేషన్ రిజెక్ట్ అయ్యాక గొడవపడి లాభం లేదు, గవర్నమెంట్ ఉద్యోగమే ధ్యేయం అయితే పాత నోటిఫికేషన్లు నాలుగు ముందేసుకుని చదివి అప్పుడు చేరండి.

ప్రశ్న: డిప్లొమా మెకానికల్ అయిపోతోంది మేడమ్, ఈసెట్ రాసి ప్రొడక్షన్‌కి రావచ్చా? టూల్ డిజైన్ మంచిదని మా సీనియర్ చెప్తున్నాడు.

జవాబు: ఈసెట్‌తో సెకండియర్‌లోకి వస్తావు, ఎక్కువగా మెకానికల్‌లోకే, దాంట్లోనే ప్రొడక్షన్ ఎలెక్టివ్‌లు తీసుకో. మీ సీనియర్ చెప్పింది కరెక్టే. హైదరాబాద్ బాలానగర్‌లో సీఐటీడీ 1968 నుంచి ఉంది, టూల్, డై, మోల్డ్, అంటే పనిముట్లూ అచ్చులూ, చెయ్యడం నేర్పే చోట్లలో మన దగ్గర దానికి మంచి పేరు, టెన్త్ తర్వాత చేరే నాలుగేళ్ళ డిప్లొమా అక్కడ చాలామందికి అన్నం పెట్టింది. నీకు ఆ వయసు దాటిపోయింది కాబట్టి వాళ్ళ షార్ట్ కోర్సులు చూడు, సెలవుల్లో చేసుకోవచ్చు.

ప్రశ్న: థర్డ్ ఇయర్ చదువుతున్నా మేడమ్. మెటల్ కటింగ్‌లో టేలర్ టూల్ లైఫ్ ఈక్వేషన్, మర్చెంట్ సర్కిల్ అని వందేళ్ళ నాటివి చెప్తున్నారు. ఇప్పుడు అంతా సీఎన్‌సీ కదా, కంప్యూటర్ చూసుకుంటుంది, ఇవి బట్టీ కొట్టడం తప్ప ఉపయోగం ఏముంది?

జవాబు: ఈ ఉత్తరం చూసి నాకు భలే సరదా వేసింది, ఎందుకంటే ఇది ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు, అడిగినవాళ్ళే తర్వాత బాగా చదువుతారు కూడా.

సీఎన్‌సీ ఏమీ చూసుకోదు బాబూ. 1952లో ఎంఐటీలో మొదటి న్యూమరికల్ కంట్రోల్ మిల్లింగ్ మిషన్ చూపించినప్పుడు దానికి కాయితపు టేపు మీద రంధ్రాలు కొట్టి అంకెలు ఇచ్చారు, ఇప్పుడు మనం స్క్రీన్ మీద టైప్ చేస్తున్నాం, అంతే తేడా. జీ01 అని రాస్తే తిన్నగా వెళ్తుంది, కానీ ఎస్ పక్కన స్పీడ్ అంకె, ఎఫ్ పక్కన ఫీడ్ (టూల్ ముందుకు జరిగే వేగం) అంకె ఎవరో ఒకరు వెయ్యాలి. క్యామ్ (మిషన్‌కి ప్రోగ్రామ్ రాసిచ్చే) సాఫ్ట్‌వేర్ ఒక అంకె వేసిచ్చినా అది మన మెటీరియల్‌కి మన మిషన్‌కి సరిపోతుందా అని చూసుకోవాల్సింది మనిషే. ఆ అంకె ఎక్కడి నుంచి రావాలి? అక్కడే అమెరికా ఇంజినీర్ టేలర్ గారు వస్తారు.

ఆయన 26 ఏళ్ళ పాటు ప్రయోగాలు చేసి, 8 లక్షల పౌండ్ల ఉక్కూ ఇనుమూ చిప్స్‌గా కోసి, అంటే 360 టన్నుల పైమాటే, 1906లో ఆ ఫలితాలు చదివి వినిపించాడు. కటింగ్ స్పీడ్‌ని, టూల్ లైఫ్‌కి (టూల్ అరిగేదాకా పనిచేసే టైమ్) ఎన్ ఘాతం వేసిన అంకెతో గుణిస్తే ఎప్పుడూ ఒకే స్థిరాంకం వస్తుంది, ఇదే కదా ఫార్ములా. హై స్పీడ్ స్టీల్‌కి ఎన్ 0.125 దగ్గర, కార్బైడ్‌కి 0.25 దగ్గర ఉంటుందని మీ పుస్తకంలోనే ఉంటుంది. ఇప్పుడు పెన్ను తీసుకో. స్పీడ్ ఒక్క 20 శాతం పెంచు, మిగతాది కదపకు. హై స్పీడ్ స్టీల్ టూల్ లైఫ్ ముందున్నదాంట్లో 23 శాతానికి పడిపోతుంది, అంటే గంట వచ్చే టూల్ 14 నిమిషాలకే అరిగిపోతుంది. కార్బైడ్ అయితే 48 శాతం, అంటే సగానికి పడుతుంది. టార్గెట్ పెరిగిందని స్పీడ్ కొంచెం పెంచండి అని పైనుంచి ఎవరైనా తేలిగ్గా అన్నప్పుడు ఆ కొంచెం ఎంత ఖరీదో ఒక్క నిమిషంలో లెక్క కట్టి చెప్పగలిగేది ఈ ఈక్వేషన్ తెలిసినవాడే. టూల్ మార్చడానికి పట్టే టైమ్ కలుపు, ఇన్‌సర్ట్ (టూల్ కొసన బిగించే కోత ముక్క) ధర కలుపు, ఆ టైములో మిషన్ ఖాళీగా ఉన్నందుకు గంట రేటు కలుపు, అప్పుడు ఒక స్పీడ్ దగ్గర ఖర్చు బాగా తగ్గుతుంది, ఇంకో స్పీడ్ దగ్గర ముక్కలు ఎక్కువ వస్తాయి, ఆ రెండు స్పీడ్‌లూ ఒకటి కావు. ఏది ఎంచుకోవాలనేది ఆ నెల ఆర్డర్లు ఎలా ఉన్నాయో దాన్ని బట్టి ఉంటుంది, ఇది ఏ కంప్యూటరూ అడగదు.

నేను ప్లానింగ్‌లో ఉన్న రోజుల్లో నైట్ షిఫ్ట్‌లో ముక్కలు ఎప్పుడూ తక్కువ వచ్చేవి, అందరూ ఆపరేటర్లు నిద్రపోతున్నారనుకునేవాళ్ళు. చూస్తే వాళ్ళు ఫీడ్ ఓవర్‌రైడ్ నాబ్‌ని 80 శాతానికి తిప్పేసి నడుపుతున్నారు, ఎందుకంటే రాత్రి స్టోర్ తాళం వేసి ఉంటుంది, ఇన్‌సర్ట్ విరిగితే ఇంకోటి ఇచ్చేవాళ్ళు లేరు. ఫీడ్‌కి కూడా టూల్ లైఫ్‌కి సంబంధం ఉంది, అది విస్తరించిన టేలర్ ఈక్వేషన్‌లో వస్తుంది, వాళ్ళకి ఆ పేరు తెలీదు గానీ విషయం తెలుసు.

మర్చెంట్ సర్కిల్ మాత్రం, అంటే కోత బలాలని చూపే ఆ వృత్తం బొమ్మ, నిజం చెప్పాలంటే, షాపులో ఎవరూ గీయరు. ఫిక్స్‌చర్ (ముక్కని కదలకుండా పట్టే సాధనం) డిజైన్ చేసేటప్పుడు కటింగ్ ఫోర్స్ ఏ వైపు తోస్తుందో అర్థం కావడానికి పనికొస్తుంది. దాన్ని ఒకసారి అర్థం చేసుకుని పరీక్ష రాసెయ్, బెంగ పెట్టుకోకు.

ప్రశ్న: అనంతపురం నుంచి రాస్తున్నా. ప్రొడక్షన్ తీసుకుంటానంటే ఇంట్లో ఆడపిల్లకి షాప్ ఫ్లోర్ ఏంటి అంటున్నారు. నిజంగా ఇబ్బందా?

జవాబు: అమ్మా, లేదని అబద్ధం చెప్పను. ఫ్యాక్టరీల చట్టం 1948లోనే ఆడవాళ్ళని రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా పనిలో పెట్టుకోకూడదని ఉండేది, దాన్ని అడ్డం పెట్టుకుని షిఫ్ట్ ఉద్యోగాలకి అమ్మాయిల్ని అసలు పిలవని కంపెనీలు చాలా ఉండేవి. ఇప్పుడు అమ్మాయి ఒప్పుకుంటే, భద్రత, రవాణా ఏర్పాట్లు చేస్తే రాత్రి షిఫ్ట్‌కి పెట్టుకోవచ్చు అనే వైపు చట్టం మారింది. శ్రీసిటీలో ఫోన్ల అసెంబ్లీ లైన్లు చూడు, ఎక్కువ మంది అమ్మాయిలే. అయితే వాళ్ళు లైన్ మీద పనిచేసేవాళ్ళు, ఆ లైన్‌ని డిజైన్ చేసే ఇంజినీర్లలో అమ్మాయిలు ఇంకా తక్కువే, నువ్వు వెళ్ళాల్సింది అక్కడికి.

ఇంట్లోవాళ్ళకి లిలియన్ గిల్‌బ్రెత్ గురించి చెప్పు. భర్త ఫ్రాంక్‌తో కలిసి మోషన్ స్టడీ అనే విషయాన్నే నిలబెట్టిన మనిషి, 12 మంది పిల్లల తల్లి. 1924లో భర్త పోయాక పని ఆపలేదు, 1935లో పర్డ్యూ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యింది, అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ ఇంజినీరింగ్‌కి ఎన్నికైన మొదటి మహిళ కూడా ఆవిడే. నువ్వు థర్డ్ ఇయర్‌లో చదివే వర్క్ స్టడీ సిలబస్‌లో సగం వాళ్ళింటి నుంచి వచ్చిందే.

ఇంటర్వ్యూలో మాత్రం మొహమాటపడకుండా అడుగు, షాప్ ఫ్లోర్ దగ్గర లేడీస్ టాయిలెట్ ఎంత దూరం, బస్సు మీ వీధి దాకా వస్తుందా, ఇప్పటికి ఎంతమంది అమ్మాయిలు ఇంజినీర్లుగా ఉన్నారు అని. జవాబు చెప్పే తీరు చూస్తేనే సగం తెలిసిపోతుంది.

ప్రశ్న: ప్రొడక్షన్ చదివి సాఫ్ట్‌వేర్‌కి పోవచ్చా? ఓపెన్‌గా చెప్పండి మేడమ్.

జవాబు: పోవచ్చు, చాలామంది పోతున్నారు. అయితే అమీర్‌పేటలో జావా నేర్చుకుని సీఎస్ఈ వాళ్ళతో అదే లైన్లో నిలబడే బదులు నీ సబ్జెక్ట్ అడిగే సాఫ్ట్‌వేర్ చూసుకో. కంపెనీల పనులు నడిపే ఎస్ఏపీ సాఫ్ట్‌వేర్‌లో ప్రొడక్షన్ ప్లానింగ్ మాడ్యూల్ ఉంది, బిల్ ఆఫ్ మెటీరియల్స్, లీడ్ టైమ్, లాట్ సైజ్, ఎంఆర్‌పీ రన్ (ఏ మెటీరియల్ ఎప్పుడు ఎంత కావాలో వేసే లెక్క), ఇవన్నీ నువ్వు ఫోర్త్ ఇయర్‌లో చదివే పీపీసీ (ప్రొడక్షన్ ప్లానింగ్ అండ్ కంట్రోల్) సబ్జెక్టే. స్క్రీన్లు నెలలో నేర్చుకోవచ్చు, వెనకాల ఉన్న లాజిక్ అర్థమవ్వాలంటే ఫ్యాక్టరీ ఎలా నడుస్తుందో తెలియాలి. ఒకటి రెండేళ్ళు ప్లాంట్‌లో పనిచేసి అటు వెళ్ళినవాళ్ళ మాటకి ఉన్న విలువే వేరు. మొదట్లో జీతం తక్కువ ఉంటుంది, అది నిజం, ప్లాంట్ ఊరికి దూరంగా ఉంటుంది, అదీ నిజం.

ప్రశ్న: గేట్‌లో మెకానికల్ పేపర్ రాయాలా, ప్రొడక్షన్ పేపరా?

జవాబు: ఉద్యోగాల కోసమైతే మెకానికల్, ఎందుకంటే గేట్ స్కోర్‌తో తీసుకునే సంస్థలు ఎక్కువగా ఆ పేపర్‌నే అడుగుతాయి. మాన్యుఫాక్చరింగ్, ఇండస్ట్రియల్‌లో ఎంటెక్ కోసమైతే పీఐ (ప్రొడక్షన్ అండ్ ఇండస్ట్రియల్) పేపర్ చాలా చోట్ల చెల్లుతుంది, క్వాలిటీ, ఆపరేషన్స్ రీసెర్చ్ బరువు దాంట్లో ఎక్కువ. కానీ సీట్లు తక్కువ, పుస్తకాలూ కోచింగ్ మెటీరియలూ తక్కువ, పాత పేపర్లే దిక్కు. ముంబైలో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్‌కి పేరున్న నిటీ గురించి ఇద్దరు అడిగారు, 1963లో పెట్టిన ఆ సంస్థ 2023లో ఐఐఎం ముంబై అయిపోయింది, అక్కడ ఎంబీఏలకి ఇప్పుడు క్యాట్ స్కోర్ కావాలి.

ప్రశ్న: జర్మనీలో ప్రొడక్షన్ ఇంజినీరింగ్ మాస్టర్స్ చెయ్యాలనుంది. ఫీజు లేదంటున్నారు, నిజమేనా?

జవాబు: సగం నిజం. చాలా రాష్ట్రాల్లో గవర్నమెంట్ యూనివర్సిటీలకి ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కి చిన్న కంట్రిబ్యూషన్ కడితే చాలు. కానీ స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్ వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రంలో బయటి దేశాల వాళ్ళకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి ఫీజు పెట్టింది. ఆహెన్‌లో డబ్ల్యూజెడ్ఎల్ అనే మిషన్ టూల్ లేబొరేటరీ ఉంది, 1906 నాటిది, ఈ సబ్జెక్ట్‌కి ప్రపంచంలో పెద్ద పేర్లలో ఒకటి. వీసాకి ముందు ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాయితాలు సరైనవేనని ఇచ్చేది) తప్పనిసరి, దానికి టైమ్ పడుతుంది, ఆఖర్లో పరిగెత్తొద్దు.

ఎవరూ చెప్పని ఒక ఇబ్బంది చెప్తా. వాళ్ళు డిగ్రీ పేరు చూసి ఊరుకోరు, ఏ సబ్జెక్ట్ ఎన్ని క్రెడిట్లు అని సిలబస్ విప్పి చూస్తారు. మన ప్రొడక్షన్ వాళ్ళకి థర్మల్, ఫ్లూయిడ్స్ క్రెడిట్లు తక్కువ కాబట్టి జెనరల్ మెకానికల్ మాస్టర్స్‌కి పెడితే అక్కడ పట్టుకుంటారు, మాన్యుఫాక్చరింగ్ వైపు పెడితే ఆ గొడవ తక్కువ. ఇంకా, క్లాసు ఇంగ్లిష్‌లో ఉన్నా షాప్ ఫ్లోర్ మాట్లాడేది జర్మనే, స్టూడెంట్ ఉద్యోగం కావాలన్నా అంతే, జర్మన్ భాషలో బీ1 లెవెల్ అయినా ఇక్కడే పూర్తి చేసుకుని విమానం ఎక్కు.

ప్రశ్న: మేము నలుగురం, ఫైనలియర్, విజయవాడ. ప్రాజెక్ట్‌కి బయట రెడీమేడ్ మోడల్ అమ్ముతున్నారు, డబ్బులిస్తే రిపోర్ట్ కూడా వాళ్ళే ఇస్తారు. అది కాకుండా మేమే ఏదైనా చెయ్యాలంటే పెద్ద ఖర్చు లేకుండా ఏం చెయ్యొచ్చు?

జవాబు: ఆటోనగర్ పక్కన పెట్టుకుని ఈ ప్రశ్న అడుగుతున్నారా నాన్నా! ప్రెస్ మిషన్ ఉన్న షాపో, ప్లాస్టిక్ మోల్డింగ్ షాపో చూసుకోండి, ఓనర్‌ని బతిమాలండి, పని ఆపించం, ఫోటోలు తీసి ఎక్కడా పెట్టం, భయపడొద్దని చెప్పండి. ఒక డై తీసి ఇంకో డై బిగించి మొదటి మంచి ముక్క వచ్చేదాకా ఎంతసేపు పడుతుందో సెల్‌ఫోన్లో మొత్తం వీడియో తియ్యండి. తర్వాత కూర్చుని ఒక్కో పనికి టైమ్ రాయండి, స్పానర్ వెతకడం, బోల్ట్ కోసం స్టోర్‌కి వెళ్ళడం, క్రేన్ కోసం ఆగడం, షిమ్ (పల్చటి రేకు) పెట్టి ఎత్తు సరిచెయ్యడం, ట్రయల్ ముక్కలు కొట్టడం, అన్నీ. వీటిలో మిషన్ నడుస్తుండగానే ముందే చేసిపెట్టుకోగలిగినవి ఏవి, మిషన్ ఆపితే తప్ప కుదరనివి ఏవి అని విడదీయండి. జపాన్ ఇంజినీర్ షిగియో షింగో చేసింది ఇదే, 1969లో టొయోటాలో 1,000 టన్నుల ప్రెస్ మీద డై మార్పు 4 గంటలు పడుతుంటే ముందు గంటన్నరకి, చివరికి 3 నిమిషాలకి తెచ్చారు. మీరు 3 నిమిషాలకి తేనక్కర్లేదు, ముప్పావు గంట పట్టేది అరగంటకి తెచ్చినా ఓనర్ మీకు టీ ఇప్పిస్తాడు.

డై ఎత్తులు అన్నీ ఒకటి చెయ్యడానికి కింద ప్యాకింగ్ ప్లేట్, బోల్ట్ బదులు క్లాంప్, స్పానర్లకి మిషన్ పక్కనే బోర్డు, ఖర్చు ఇంతే ఉంటుంది. ముందు వీడియో, తర్వాత వీడియో, మధ్యలో లెక్కలు, రిపోర్ట్ దానంతట అదే తయారవుతుంది, వైవాలో ఎవరూ మిమ్మల్ని కదిలించలేరు. ఆపరేటర్ల విషయంలో మాత్రం జాగ్రత్త, స్టాప్‌వాచ్ చూస్తే వాళ్ళకి కూలి తగ్గిస్తారేమో అని అనుమానం, అది వందేళ్ళ నాటి అనుమానం, కారణం లేకుండా రాలేదు. మొదటి రోజు వాచ్ తియ్యకండి, వాళ్ళకి ఏది విసుగ్గా ఉందో అడగండి, సగం ఐడియాలు వాళ్ళే ఇస్తారు, రిపోర్ట్‌లో ఆ విషయం రాయండి.

ప్రశ్న: లేత్ ల్యాబ్‌లో చేతులు కోసుకుంటున్నాయని గ్లౌజులు వేసుకెళ్తే ఇన్‌స్ట్రక్టర్ అందరి ముందూ తిట్టారు. సేఫ్టీకే కదా వేసుకున్నది?

జవాబు: ఆయన తిట్టింది కరెక్టే. తిరుగుతున్న చక్‌కి (ముక్కని పట్టి తిప్పే భాగం) గ్లౌజు కొస తగిలితే బట్టతో పాటు చెయ్యి కూడా లోపలికి పోతుంది, ఊడదీసుకునే టైమ్ ఉండదు. ఉంగరం, వాచీ, వదులు చేతుల చొక్కా, చున్నీ, చేతికి కట్టిన తాడు, అన్నింటికీ ఇదే వర్తిస్తుంది. చిప్స్ తియ్యడానికి బ్రష్ లేదా హుక్ వాడు, అదీ మిషన్ ఆపాక, చేత్తో ఎప్పుడూ లాగొద్దు. గ్లౌజులు మిషన్ ఆపి జాబ్ (చేస్తున్న ముక్క) ఎత్తేటప్పుడు, వేడి జాబ్ పట్టుకునేటప్పుడు వేసుకో. కళ్ళద్దాలు మాత్రం ల్యాబ్‌లో ఉన్నంతసేపూ తియ్యకు, చక్ కీని చక్‌లో వదిలేసి స్విచ్ నొక్కకు.